ముంగిస పిల్ల మెడలో గుండీ

దగ్గరికి జరగండి. ఇంకా కొంచెం. నా గొంతు ముసలిది, ఈ సందులో ఆటోల మోత ఎక్కువ. చదువుతున్నవాళ్ళయినా సరే, నా చాప కొసన కూర్చుని వింటున్నట్టే అనుకోండి. నాకు రాయడం అలవాటు లేదు, చెప్పడమే అలవాటు.

నా పేరు రవణమ్మ. మా తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి వాషర్‌మెన్‌పేట్‌లో ఉండిపోయినవాళ్ళం. ఇక్కడే ఒక బైండింగు షాపులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. చదివింది మూడో తరగతి. పోయిన వారం మా వీధి చివరి ఇంటి అమ్మాయి వచ్చి, "అత్తా, నన్ను బైండింగు పనికి తీసుకున్నారు. ఆడ ఎట్లా ఉండాలో చెప్పత్తా" అంది. కాగితం మడవడం, జిగురు పూయడం వారం రోజుల్లో ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. దాన్ని నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ అమ్మాయి కోసం, అలాంటి పిల్లలందరి కోసం అదే రాస్తున్నాను.

తలకిందుల అక్షరాలు

అచ్చయి వచ్చే కాగితం దుప్పటంత ఉంటుంది. దాని మీద పదహారు పేజీలు. కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు అచ్చువాడు తాగి కొట్టాడేమో అనుకున్నాను. వరుసగా మూడు మడతలు పెడితే పదహారూ బుద్ధిగా ఒకదాని వెంట ఒకటి నిలబడతాయి. ఆ మడత కట్టను ఫారం అంటాం. మూడో తరగతిలో వదిలేసిన చదువు నాకు మళ్ళీ ఆ కాగితాల మీదే పట్టుబడింది, అదీ సగం తలకిందులుగా. ఇప్పటికీ ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పేపరుంటే నేను ఇటునుంచే చదివేస్తాను.

పని నేర్పింది ఏకాంబరం మేస్త్రి. ఆయన నోట పొగడ్త రాదు. "వేలితో కాదు మే, బద్దతో మడువు. వేలికి చెమట ఉంటాది, బద్దకి ఉండదు" అనేవాడు. బద్ద అంటే ఎముకతో చేసిన చిన్న పలక, దాంతో మడత మీద ఒక్క గీత గీస్తే కాగితం మాట వింటుంది. పొద్దున రాగానే మైదా జిగురు ఉడికించడం నా వంతు. అందులో కొంచెం తుత్తం వేస్తాం, బొద్దింకలు పుస్తకం తినకుండా. అది విషం. అన్నానికి ముందు చెయ్యి మూడుసార్లు కడగండి, రెండుసార్లు చాలదు.

నల్ల మెట్లు

ప్రతి ఫారం వెన్ను మీదా ఒక చిన్న నల్ల గీత ఉంటుంది. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కొంచెం కింద, మూడోదానికి ఇంకా కింద. అన్నీ సరిగ్గా పేరిస్తే పుస్తకం వెన్ను మీద ఆ గీతలు మెట్లలాగా దిగుతాయి. ఒక మెట్టు తప్పితే లోపల ఒక ఫారం తప్పినట్టే. మేస్త్రి పుస్తకం తెరిచేవాడే కాదు. కట్ట వెన్ను మీద చూపు పోనిచ్చి, "ఈడ ఆరోది లేదు, తీయ్" అనేవాడు.

"కథ చూడొద్దు. మెట్లు చూడు." నాకు ఆయన ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఎందుకంటే నాకు కథల పిచ్చి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎనిమిది మంది ఆడవాళ్ళం వరుసగా కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు నేను కథ అందుకునేదాన్ని. మడతపెట్టే పనికి కథ మంచిది, చెయ్యి దాని దారిన అది పోతుంది. పేర్చే పని మొదలైతే మాత్రం మేస్త్రి స్కేలుతో బల్ల మీద కొట్టి, "రవణమ్మా, దుకాణం కట్టెయ్" అనేవాడు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు చెబుతున్నాను, న్యాయం ఆయన వైపే ఉంది.

రంగు బొమ్మలకి మాత్రం మెట్లుండవు. అవి వేరే అచ్చాఫీసులో, నున్నటి ఆర్టు పేపరు మీద, ఒక్కొక్కటి విడిగా అచ్చయి వస్తాయి. లోపలి అంచున సన్నగా జిగురు గీత గీసి వాటి వాటి చోట అంటించాలి. ఏది ఎక్కడ అన్నదానికి మేస్త్రి తన చేత్తో ఒక నమూనా పుస్తకం తయారుచేసి మేకుకి తగిలిస్తాడు. దాన్ని డమ్మీ అంటాం. పని జరిగినంతసేపూ అదే మాకు చట్టం.

ముంగిసల పుస్తకం

ఒక సంవత్సరం మాకు పిల్లల బొమ్మల పుస్తకం వచ్చింది. చాలా పాత పుస్తకం, మా అమ్మ నాటి పిల్లలకి కూడా తెలిసినది, మళ్ళీ వేస్తున్నారు. నాలుగు ముంగిస పిల్లల కథ. ఒక టైలరు అంగడి వెనక గోడ కింద బొరియలో తల్లితో ఉంటాయి. "ఎక్కడికైనా పొండి, ఆ అంగడికి మాత్రం పోవద్దు" అంటుంది తల్లి. అవి అక్కడికే పోతాయి. పెద్దది కొలత టేపు ఒంటికి చుట్టుకుని ఊపిరాడక కొట్టుకుంటుంది. రెండోది మిషను తొక్కితే తోక సూది కింద పడుతుంది. మూడోది చొక్కా చేతిలో దూరి నిద్రపోతుంది. కడగొట్టుది గుండీల డబ్బా బోర్లిస్తుంది. టైలరు చీపురు పట్టుకుని వస్తాడు. ఆ పరుగులో మూడోది ఇంకా చొక్కా చేతిలోనే ఉంటుంది, చొక్కా తనంతట తానే పారిపోతున్నట్టు ఉంటుంది బొమ్మలో. మేమందరం దాన్ని చూసి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాం.

మొత్తం ఎనిమిది బొమ్మలు. డమ్మీలో మొదటిది, తల్లి నాలుగింటినీ ఒళ్ళో పెట్టుకుని వేలు చూపించి చెబుతున్న బొమ్మ. చివరిది, నాలుగూ గోడ మీద వరుసగా కూర్చుని అంగడి వైపు చూస్తున్న బొమ్మ.

నాకది నచ్చలేదు. దెబ్బలు తిని వచ్చిన పిల్లల్ని తల్లి ఒళ్ళోకి తీసుకోదా? ఒళ్ళో బొమ్మ కదా చివర ఉండాల్సింది! గోడెక్కి ఆశగా చూడడం అంగడికి పోకముందు మాట. మేస్త్రి తారుమారుగా అంటించాడని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. పక్కనే ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివినా తెలిసేది. చదవలేదు. నా కథ నాకుండగా అచ్చు ఎందుకు?

డమ్మీ మీద చెయ్యి

ఇక్కడ ఒక మాట. అప్పటికి మేస్త్రి కంట్లో పొర వచ్చింది. ఆ వేసవిలోనే ఒక బడి పుస్తకంలో ఒక ఫారం తలకిందులుగా కుట్టుకుపోయింది. మొదలాళి, అంటే మా యజమాని, మా అందరి ముందూ అన్నాడు: "ఇంకొక్కటి జరిగిందంటే ఇంట్లో కూర్చో మేస్త్రీ." ఆయనకి ఇల్లంటే రాత్రి పడుకునే చోటు, అంతే. భార్య పోయింది. మిగతాదంతా ఆ షాపే.

అందుకని నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఆయన ఆ పొద్దున డమ్మీ తయారుచేసి మేకుకి తగిలించి, అట్టల మీదకి గుడ్డ తేవడానికి బజారుకి పోయాడు. జిగురు ఇంకా తడిగానే ఉంది. సన్న కత్తితో మొదటి బొమ్మా చివరి బొమ్మా లేపాను. ఒకదాని చోట ఒకటి అంటించాను. మళ్ళీ మేకుకి తగిలించాను. ఎవరితోనూ చెప్పలేదు, చెబితే ఆయన పరువు పోతుందని. ఎంత మంచి మనసో చూడండి నాది! ఆయన తిరిగి వచ్చి దాని వైపు చూడనైనా లేదు. తన చేత్తో చేసినదాన్ని ఎవరైనా మళ్ళీ ఎందుకు చూస్తారు?

పని మొదలైంది. గోడ బొమ్మ నేను అంటిస్తున్నాను, నా పక్కన కుప్పమ్మక్క ఒళ్ళో బొమ్మ అంటిస్తోంది. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. నా కట్టలోంచి ఒకటి తీసి కంటి దగ్గర పెట్టుకుంది.

"ఏమే రవణా, ఈ కడగొట్టుదాని మెడలో గుండీ ఏందే? ఇంకా అంగడికే పోలేదు, గుండీ యాడనించి వచ్చింది?"

చూశాను. దారంతో కట్టిన ఎర్ర గుండీ. రెండోదాని తోకకి గుడ్డ పేలిక చుట్టి ఉంది. పొద్దున్నుంచి ఆ బొమ్మని ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నానో! అది పోకముందు బొమ్మ కాదు. పోయి వచ్చిన తర్వాతది. మేస్త్రి సరిగ్గానే పెట్టాడు.

ఆ క్షణాన లేచి "తప్పు జరిగింది" అని ఉంటే చాలు. జిగురు పచ్చిగా ఉంది, కత్తి పెడితే వచ్చేసేది. నా నోరేం చేసిందంటే కథ చెప్పింది.

"గుండీ కాదక్కా, తాయెత్తు. దిష్టి తగలకుండా వాళ్ళమ్మ కట్టింది."

"మరి తోకకి గుడ్డ?"

"అదీ మంత్రించి కట్టిందే."

"మంచి తల్లే! నేను నలుగురిని కన్నా, ఒక్కదానికీ గోచీ తప్ప ఏమీ కట్టలే" అంది కుప్పమ్మక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ తర్వాతి దానికి జిగురు పూశాను.

తెలిసి చేసింది అక్కడి నుంచే. అంతకు ముందు జరిగింది తెలియనితనం, దానికి నేను సిగ్గుపడను. ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటి దాకా అంటిస్తూనే ఉన్నాను. అన్నం తిన్నాను. ఆ రోజు కథ చెప్పమంటే తలనొప్పి అన్నాను. అంటించిన ఫారాలు బరువు రాళ్ళ కింద కట్టలు కట్టలుగా ఆరుతున్నాయి. పొద్దుటివి గట్టిపడిపోయి ఉంటాయని నాకు తెలుసు. కూర్చున్నకొద్దీ లేవడం కష్టమైపోయింది.

బొమ్మలాయన

మూడింటికి ఆ కథ రాసి బొమ్మలు గీసినాయన మైలాపూరు నుంచి వచ్చాడు. చేతిలో గొడుగు, పెద్ద వయసు, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడు. తన పుస్తకం మళ్ళీ వస్తోందని చూసుకుందామని వచ్చాడు. మొదలాళి కుర్చీ వేయించి, ఒక ఫారం ఆయన చేతికిచ్చాడు. మొదటి బొమ్మ చూసి ఆయన గొడుగు పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, "ఇది ఎవురు పెట్టినారు ఈడ?" అన్నాడు.

మొదలాళి మేకు మీది డమ్మీ తీసి చూశాడు. అదీ అలాగే ఉంది. మేస్త్రిని పిలిచాడు.

"ఇది నీ చేతి డమ్మీయే కదా?"

మేస్త్రి దాన్ని కంటికి ఆనించుకుని చూశాడు. "నా చెయ్యే మొదలాళీ."

"మరి ఇదేంది?"

ఆయన మొదటి పేజీ తిప్పాడు. చివరి పేజీ తిప్పాడు. మళ్ళీ మొదటిది తిప్పాడు. "నేను సరిగ్గానే పెట్టినట్టు..." అని ఆగిపోయాడు. మెట్టు తప్పితే అవతలి గోడ దగ్గర నుంచి పట్టుకునే మనిషి తన రెండు చేతుల్నీ చూసుకున్నాడు, అవి తనవో కావో అన్నట్టు. "ఏమో మొదలాళీ. తెలీలేదు" అన్నాడు.

"అయితే రేపట్నించి ఇంట్లో ఉండు."

"కండ్లు పోయినాయి పాపం" అంది కుప్పమ్మక్క నా చెవిలో.

ఆయన పని పోవడం ఒక ఎత్తు. తన చేతుల్ని తానే నమ్మకుండా ఇంటికి పోవడం ఇంకో ఎత్తు, అది చూడలేకపోయాను. లేచాను. ఒళ్ళోంచి బద్ద కింద పడింది.

"మొదలాళీ, మేస్త్రి సరిగ్గానే పెట్టినాడు. నేనే పీకి మార్చినా."

"నువ్వా? డమ్మీని ముట్టుకోమని నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. తప్పని నేనే అనుకున్నా. కాదని పది గంటలకే తెలిసింది. అయినా చెప్పలే."

కుప్పమ్మక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే తాయెత్తు కాదా, పాపిష్టిదానా!"

మొదలాళి ఏమేమో అరిచాడు. అవి నాకు గుర్తులేవు, నా జ్ఞాపకానికి అంత పేరున్నా. గుర్తున్నది మేస్త్రి మాట ఒక్కటే. ఆయన నా దగ్గరికి వచ్చి, తిట్టకుండా, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు: "రవణమ్మా, అయితే నేను సరిగ్గానే పెట్టినానా?"

"సరిగ్గానే పెట్టినావు మేస్త్రీ."

"సరే" అన్నాడు. అంతే, నడుము నిటారైంది. బల్ల మీద స్కేలు పడింది. "కత్తులు తీయండి. మధ్యాహ్నం అంటించినవి ముందు. పొద్దుటివి ముట్టుకోవద్దు, చిరుగుతాయి. నీళ్ళ చెయ్యి ఎవురూ పెట్టొద్దు, బొమ్మ నున్నదనం పోతాది."

ఎనిమిది మందిమీ కూర్చుని లేపాం. బొమ్మలాయన వెళ్ళకుండా నా పక్కనే కుర్చీ వేసుకుని, నేను లేపిన బొమ్మలు ఒక్కొక్కటీ అందుకుని అట్ట మీద పరుస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి, "ఎందుకు మార్చినావమ్మా?" అన్నాడు.

"తల్లి ఒళ్ళో అయిపోతే బాగుంటాదని, సామీ."

"బాగానే ఉంటాది. కానీ అయిపోతాది కదా." గోడ బొమ్మ ఎత్తి పట్టుకున్నాడు. "అవి మళ్ళీ ఎందుకు చూస్తా ఉండాయో నేను యాడా రాయలే. గుండీ ఎత్తుకొచ్చినాం, తిరిగి ఇచ్చేద్దామని చూస్తా ఉండాయంటాడు ఒక బిడ్డ. కాదు, మళ్ళీ ఆటకే అంటాది ఇంకో బిడ్డ. అది వాళ్ళు చెప్పుకోవాల. నువ్వూ నేనూ చెప్పేస్తే వాళ్ళకేం మిగుల్తాది?"

అప్పటిదాకా కథ అంటే చెప్పేవాళ్ళ సొత్తు అనుకున్నాను.

మధ్యాహ్నం అంటించినవి దాదాపు అన్నీ బాగయ్యాయి. పొద్దుటి కట్టలు మాత్రం పోయాయి. కత్తి పెడితే ముంగిసల ముఖాలు ఊడి వచ్చాయి. నేను పది గంటలకి లేచి ఉంటే అవీ బతికేవి. ఆ కట్టల్ని తూకానికి వేసేటప్పుడు ఒక పుస్తకం మడతలు మాత్రం అడిగి తీసుకుని, ఇంట్లో నేనే కుట్టుకున్నాను.

నన్ను పనిలోంచి తీయలేదు. "దాని మడత మళ్ళీ దొరకదు మొదలాళీ" అని మేస్త్రి చెప్పాడట. సంవత్సరం పాటు బొమ్మల దగ్గరికి రానివ్వలేదు, మడత తప్ప వేరే పని ఇవ్వలేదు. ఆ తర్వాత మేస్త్రి ఉన్నన్నాళ్ళూ కొత్త డమ్మీ మేకుకి తగిలించే ముందు నా ముందు పెట్టేవాడు. "చూడు మే. అనుమానం ఉంటే నోటితో చెప్పు, చేత్తో కాదు." రెండుసార్లు చెప్పాను. ఒకసారి ఆయనది తప్పు, ఒకసారి నాది.

కొత్తగా పనికి పోయే అమ్మాయికి నేను చెప్పేది ఇదే. పెద్దవాళ్ళ తప్పు కనబడితే పోయి అడుగు. పరువు పోతుందని చాటుగా దిద్దకు. నీ తప్పు నీకు కనబడితే ఆ గంటలోనే లేచి నిలబడు. జిగురు మన కోసం ఆగదు.

మా ఇంట్లో ఉన్న పుస్తకం

ఆ చెడిపోయిన పుస్తకం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మొన్న మా మనవరాలు శాలిని దాన్ని బయటికి లాగింది. రెండో తరగతి. తెలుగు మాట్లాడుతుంది, సగం తమిళం కలిపి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేలమీద బోర్లా పడుకుని మొదటి బొమ్మ మీద వేలు పెట్టింది.

"అవ్వా, దీని మెడలో ఏంది?"

ఇన్నేళ్ళకి మళ్ళీ అదే ప్రశ్న. తాయెత్తు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అలవాటు అంత తొందరగా పోదు.

"గుండీ" అన్నాను. "ఆ బొమ్మ ఈడ ఉండేది కాదు బంగారూ. నేనే తెలీక ఈడ అంటించినా."

అది నా ముఖం కేసి చూసింది, అవ్వలు కూడా తప్పు చేస్తారా అన్నట్టు. తర్వాత పేజీలన్నీ ఒకటొకటిగా తిప్పింది. గుండీల డబ్బా దగ్గర ఆగింది. చివర తల్లి ఒళ్ళో నాలుగింటి మెడలూ వెతికింది. వెనక్కి తిప్పి మళ్ళీ గోడ బొమ్మకి వచ్చింది.

"ఇది కడాశిలో ఉండాల అవ్వా. పోయి వచ్చేసినాయి కదా."

"అవును, చివరనే ఉండాల. మరి మళ్ళీ ఎందుకు చూస్తా ఉండాయి ఆ పక్కకే?"

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో మీకు తెలియదు. అది గోడ మీది నాలుగు తలల్నీ వేలితో తాకుతూ ఆలోచించింది.

"గుండీ ఒకటే కదా ఉండేది. తక్కిన ముగ్గురికీ వద్దా?"

ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలు కుట్టాను, ఇన్ని కథలు చెప్పాను, ఇది నాకు తట్టలేదు. ఆ బొమ్మలాయనకి తట్టిందో లేదో.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇళ్ళలో గోడలెక్కే పిల్లలుండాలి. వాళ్ళు దిగి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం వేడిగా ఉండాలి, తోకకి కట్టు కట్టే చెయ్యి ఒకటుండాలి. మీ గడపలో ఎవరు తప్పు చేసినా, జిగురు ఆరకముందే చెప్పుకునే ధైర్యం వాళ్ళకీ, వినే ఓపిక మీకూ ఉండాలి. చల్లగా ఉండండి.